ఊరు అడిగిన పని ముందా, నీళ్లు నిలిపే పని ముందా?

పల్లెబాట

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వాటర్‌షెడ్ పనులు, అంటే వాననీటిని ఎక్కడికక్కడ ఆపే పనులు చూస్తుంటాను. ఊరి పేరు రాస్తే చర్చ అక్కడి పార్టీల మీదికి మళ్లుతుంది కాబట్టి రాయడం లేదు.

నేను చూసే ఊళ్లో బోర్లు ఏటికేడు లోతుకు పోతున్నాయి. చీనీ (బత్తాయి) తోట ఎండిపోతోందంటే రైతు అప్పు తెచ్చి ఇంకో బోరు వేయిస్తాడు, కొన్నాళ్లకు అదీ ఆగిపోతుంది. మేం మూడు పనులతో ప్లాన్ వేశాం. ఊరికి ఎగువన వంక (వాగు) మీద ఊట కుంట, అంటే నీళ్లు నిలిచి నేలలోకి ఇంకే కుంట. కొండవాలులో కందకాలు తవ్వి, గడ్డీ మొక్కలూ నిలదొక్కుకునేదాకా మూడేళ్లు మేత ఆపడం. మెట్ట చేలల్లో ఫారం పాండ్లు, అంటే వాననీళ్లు పట్టే గుంటలు. సర్వే అయింది, ఎస్టిమేట్లు అయ్యాయి. గ్రామసభలో అంతా చదివి వినిపించాక, ఈ మూడింటి గురించి మంచిగా మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు. కాలనీ వాళ్లు శ్మశానానికి దారి అడిగారు. పెద్దవీధి వాళ్లు గుడి ముందు రేకుల షెడ్డు అడిగారు, పెళ్లిళ్లకూ పనికొస్తుందని. ఆడవాళ్లు కొళాయి సంగతి ఎత్తారు. గొర్రెల వాళ్లయితే కొండ జోలికి వస్తే ఊరుకోమని లేచి నిలబడ్డారు. సభ అక్కడితో సరి.

మా జిల్లాకు ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అందులో ఎక్కువ భాగం నాలుగైదు గట్టి వానల్లో కురిసి వంకల్లో కొట్టుకుపోతుంది. ఆ నీటిని ఎక్కడికక్కడ ఆపి నేలలోకి దింపడం తప్ప ఈ ఎర్రనేలలకు వేరే దిక్కు లేదని నా గట్టి నమ్మకం. షెడ్డు వేస్తే ఊరికి నీడ వస్తుంది, బోరుకు చుక్క రాదు. పైగా నిధులకు గడువుంది. మార్చి లోపల ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతాయి.

అందుకే అడుగుతున్నాను. అవసరమైన పని ఊరికి నచ్చకపోయినా చేసెయ్యాలా? లేక ఊరు అడిగిందే చేసిపెట్టి, నీళ్ల సంగతి వదిలెయ్యాలా? రెండూ తప్పేమో అనిపిస్తోంది కానీ మూడో దారి కనబడటం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

శెనక్కాయ రైతు

ఊరు వద్దన్న పని చెయ్యకూడదు అన్నా. నాది బెళుగుప్ప వైపు, నాలుగెకరాల ఎర్రనేల, బోరు లేదు. మీరు చెప్పిన ఫారం పాండ్ సంగతే చూద్దాం. నా చేనులో తవ్వితే అయిదు సెంట్లు పైనే పోతుంది, తవ్విపోసిన మన్నుకు ఇంకొంచెం. శెనక్కాయకు ప్రాణం మీదికొచ్చేది ఊడలు దిగేటప్పుడు. ఆ ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే పంట పోయినట్టే. అప్పుడు ఒక్క తడి ఇవ్వగలిగితే పాండ్ తవ్వినందుకు ఫలితం ఉంది. కానీ మా గరపనేలలో అడుగున షీటు పరచకపోతే నీళ్లు వారం కూడా నిలవవు. షీటుకు డబ్బు ప్లాన్‌లో ఉండదు. ఇంజను, పైపులు, డీజిలు మావే. అంటే నేల నాది పోయింది, ఇంకిన నీళ్లు పక్క చేనులో చీనీ తోటాయన బోరులోకి పోయాయి.

2016లో పంట సంజీవని అని జిల్లా అంతా ఫారం పాండ్లు తవ్వించారు. వాడుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. మా పక్క మాత్రం పూడిపోయినవే ఎక్కువ కనిపిస్తాయి. రైతులకు తెలివి లేక పూడ్చుకోలేదు. లెక్క చూసుకుని పూడ్చుకున్నారు.

నీటిలెక్క

నీటిపారుదల పనుల్లో ఉద్యోగం చేసి రిటైర్ అయినవాణ్ని. పైన రైతు సోదరుడు చెప్పింది ఆయన నాలుగెకరాల వరకూ నిజం. కానీ భూగర్భజలానికి సర్వే నంబర్లు ఉండవు. మన జిల్లాలో చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైటు, నైసు. పైన కొంత మందాన మెత్తబడిన రాతిపొర ఉంటుంది, నీళ్లు నిలిచేది అందులో. దాని కిందికి పోతే పగుళ్లలో దొరికితే దొరికినట్టు. వెనకటి బావులు ఆ పైపొర నీళ్ల మీదే నడిచాయి. ఇప్పుడు బోర్లు వందల అడుగులు దిగి పగుళ్లలో ఉన్నదీ తోడేస్తున్నాయి. పైపొరను మళ్లీ నింపాలంటే ఊట కుంటలూ కందకాలూ కావాల్సిందే. ఇది గ్రామసభలో చేతులెత్తి తేల్చే సంగతి కాదు.

ఒక్కమాట మాత్రం ఒప్పుకోవాలి. నింపడం ఒక్కటే పని కాదు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. మోటారు ఎంతసేపు ఆడినా రైతుకు బిల్లు లేదు. ఊట కుంటతో నాలుగు బోర్లలో నీళ్లు పెరిగితే, పక్కనే అయిదో బోరు పడుతుంది. నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం 2002 నుంచే ఉంది. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వెయ్యకూడదని అందులో రాసి ఉంది. ఎన్ని ఊళ్లలో టేపు పట్టి చూశారు?

మన జిల్లాలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. 2003లో మొదలై అనంతపురం, కర్నూలు, కడప సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే ప్రాజెక్టు నడిచింది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్లు. రైతులే వాన కొలిచేవాళ్లు, బోరులో నీటిమట్టం కొలిచేవాళ్లు. రబీ ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలు తాగే నీళ్లెన్ని అని లెక్క వేసుకునేవాళ్లు. ఏ పంట వెయ్యమనీ వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లముందు ఉంటే చాలామంది తమంతట తామే వరి తగ్గించారు. పల్లెబాట గారూ, మీరు ఎస్టిమేట్ చదివి వినిపించారు. నీటి లెక్క వినిపించారా?

కంబదూరు కోడలు

సార్ లెక్క బాగుంది. ఆ లెక్కలో బిందెలు కూడా ఉండాలి కదా.

నేను మా ఊళ్లో పొదుపు సంఘం లీడర్‌ని. మా వీధి పల్లంలో లేదు, మిట్ట మీద ఉంది. కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. పల్లంవీధిలో బిందెలు నిండేదాకా మా కొళాయికి గాలి తప్ప ఏమీ రాదు. అందుకని మా వీధిలో ప్రతి ఇంటి ముందూ కొళాయి చుట్టూ మోకాలి లోతు గుంత తవ్వుకున్నాం. పైపును గుంతలోకి కోసేశాం. బిందెను ఆ గుంతలో దింపితే సన్నగా పడుతుంది. నిండిన బిందెను గుంతలోంచి పైకి లాగాలి. కడుపుతో ఉన్న పిల్ల ఉంటే పక్కింటివాళ్లు లాగిపెడతారు. వాన పడితే వీధి మురుగంతా ఆ గుంతలోకే. కరెంటు రాత్రి రెండింటికి వస్తే రెండింటికే లేవాలి, తెల్లారి కూలికి పోవాలి.

తాగడానికి ఆ నీళ్లు పనికిరావు. మా పక్క బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ముసలివాళ్ల మోకాళ్లు, పిల్లల పళ్లు చూస్తే పరీక్ష చేయించక్కర్లేదు. అందుకని ఇరవై లీటర్ల క్యాన్ కొంటాం. కూలిడబ్బులో క్యాన్లకు ఎంత పోతుందో మా సంఘం పుస్తకంలో రాసి చూపిస్తాను, ఎవరైనా రండి.

ఇప్పుడు చెప్పండి పల్లెబాట అన్నా. సభలో ఆడవాళ్లు కొళాయి సంగతి ఎత్తారని ఒక్క లైను రాసి వదిలేశారు. మీ దృష్టిలో అది నీళ్ల పని కాదా? చీనీ చెట్టు తాగితే నీళ్ల పని, మేము తాగితే వేరే శాఖ పని. ఊరు ఒకటి అడుగుతోంది, మేము ఇంకొకటి ఇస్తున్నాం అని మీరు రాశారు. ఊరు అంటూ ఒక్క మనిషి లేడు. సభలో లేచి మాట్లాడినవాళ్లలో ఎవరి ఇంట్లో మోటారు ఉంది, ఎవరి ఇంటి ముందు గుంత ఉంది, అది చూడండి ముందు. షెడ్డు అడిగినవాళ్లకు నీళ్ల బాధ లేదు కాబట్టి షెడ్డు అడిగారు. వాళ్ల మాట ఊరి మాట ఎట్లా అవుతుంది?

మందకాపరి కొడుకు

కొండ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నా. మా నాయన ఇప్పటికీ గొర్రెలు తోలుతాడు. నేను డిగ్రీ చదివి అనంతపురంలో పనిచేస్తున్నా.

కొండకు మూడేళ్లు గొర్రెలు పోకూడదంటే అర్థం మంద అమ్ముకోమని. ముంగారులో (తొలకరి పంట కాలంలో) చేలన్నీ విత్తి ఉంటాయి, గట్ల మీద కూడా కాలు పెట్టనీరు. అప్పుడు మాకు ఉన్నది కొండొక్కటే. పంట ఎత్తేశాక చేలల్లోకి రమ్మని రైతులే పిలుస్తారు, మంద పెడితే ఎరువు అని. ఒక్కో రాత్రికి ఇంత అని ఇస్తారు. అంటే ఊరి చేలకు మా మంద కావాలి, మా మందకు కొండ వద్దు. ఇదెక్కడి న్యాయం?

పోనీ కొండ పచ్చబడితే మాకూ మంచిదే అంటారు. నిజమే, మూడేళ్ల తర్వాత. ఈ మూడేళ్లూ ఏం మేపాలి? ఎవరైనా ఆ ప్రశ్న అడిగారా? మా నాయన వాళ్లు లేచి అరిచింది అందుకే. కూర్చుని నిదానంగా అడిగితే వాళ్లే చెబుతారు. కొండను మూడు ముక్కలు చేసి ఏడాదికొక ముక్క మూయండి. మూసినచోట స్టైలో గడ్డి విత్తనం చల్లండి. కోసుకుపోవడానికి మాకు హక్కు ఇవ్వండి. కాపలా కూడా మా వాళ్లకే జీతం ఇచ్చి పెట్టండి. మేకలను కొన్నాళ్లు ఆపుకోమంటే ఆపుకుంటారు, మొక్క తలలు కొరికేది అవే. ఇవన్నీ ఇంజనీరు చదువు లేకపోయినా తెలిసినవే.

పత్తికొండ మాస్టారు

కర్నూలు జిల్లా నుంచి ఒక చిన్న మాట. మా పడమటి మండలాల్లో దీపావళి దాటితే ఊళ్లు ఖాళీ. సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకోతలకు. పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతారు, మా బడి హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. ఆ నెలల్లో గ్రామసభ పెడితే వచ్చేది భూమి ఉన్నవాళ్లూ, ముసలివాళ్లూ. అక్కడ తీర్మానం అయిన పని సుగ్గి నుంచి తిరిగొచ్చినవాళ్లకు తెలియనే తెలియదు. పల్లెబాట గారి మార్చి గడువు వింటే నాకు అదే గుర్తొచ్చింది. మీ సభ ఏ నెలలో పెట్టారు?

ఉపాధి హామీ పథకాన్ని ఈ దేశంలో మొదట ప్రారంభించింది మీ జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. ఏ పనులు చేయాలో గ్రామసభ సిఫారసు చేయాలని ఆ చట్టంలో రాశారు. ఖర్చులో కనీసం 60 శాతం భూమి, నీరు, చెట్లకు ముడిపడిన పనులకు పోవాలనీ అదే చట్టం కింద ఉండేది. ఊరి మాటా, నీటి పనీ రెండూ కలిసే ఉండాలని చట్టం రాసినవాళ్లు అనుకున్నారు. ఆచరణలో వచ్చేసరికి కూలీల హాజరుకు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో పడిందా లేదా అన్నదే మిగిలింది.

ఎగువకాలనీ

పల్లెబాట సార్, ఊరి పేరు రాయకపోయినా నాకు తెలిసింది. ఆ సభలో నేను ఉన్నాను. శ్మశానం దారి అడిగినవాళ్లలో మా చిన్నాయన ఒకడు.

అందరూ నీళ్లంటున్నారు కాబట్టి దారి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. మా శ్మశానానికి దగ్గర దారి చీనీ తోట గట్టు మీదుగా ఉండేది. తోట పెట్టాక కంచె వేశారు. పట్టా భూమి, మేం అడిగే హక్కు లేదన్నారు. అప్పటి నుంచి వంకలో దిగి, ఇసుకలో నడిచి, అవతల గట్టెక్కి పోతున్నాం. మొన్న వానల్లో మా అవ్వ చనిపోయింది. వంకలో నడుము లోతు నీళ్లు. పాడె మోసే నలుగురికీ కాలు నిలవలేదు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ తాడు పట్టుకుని నిలబడితే దాటించాం. కింద పడకుండా అవ్వను పాడెకు చీరతో కట్టాం. ఒడ్డెక్కాక కూడా తోట కంచె పక్కన నడుస్తుంటే చెట్లకు తగలకుండా పోండని కేక వేశారు.

ఇక మీ ఊట కుంట. మీరు మ్యాపు గోడకు అంటించి నీలిరంగు పూసి చూపించారే, ఆ నీలిరంగంతా మేం పాడె మోసే జాగా. కుంట నిండితే మాకు మిగిలిన ఆ ఒక్క దారీ మునుగుతుంది. మీరు అది చూసి కూడా చెప్పలేదని మా వాళ్లు అనుకున్నారు. మేము కుంట వద్దని సభలో అనలేదు, అంటే నీళ్లు వద్దన్న కాలనీ అని పేరు పెడతారు. అందుకని దారి అడిగాం. దారి ఇస్తే కుంట కట్టుకోండి అన్నది అందులోనే ఉంది.

కుంటలో నీళ్లు ఎవరికి? కింద ఉన్న మూడు తోటలకు. మా కాలనీలో ఒక్క బోరు లేదు. కుంట తవ్వేటప్పుడు కూలి మాకు వస్తుంది, అది కొన్ని వారాలు. చీనీ కాపు వాళ్లకు ఏళ్ల తరబడి.

మాజీ సర్పంచ్

తమ్ముడు రాసింది చదివాక ఇంక సాంకేతికం గురించి వాదించే మనసు లేదు. మాది వేరే మండలం, కానీ ఇదే సమస్య నేనూ చూశాను.

పంచాయతీ చేతిలో ఏముంది అని అడుగుతారు. 2021-26 మధ్య పదిహేనో ఆర్థిక సంఘం కింద వచ్చిన డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే పెట్టాలని ఉండేది. మిగిలిన 40 శాతంలోనే మన ఇష్టం ఉండేది. కాబట్టి కంబదూరు చెల్లెమ్మ చెప్పిన కొళాయి పనికి పంచాయతీని గట్టిగా పట్టుకోవచ్చు. వాటర్‌షెడ్ డబ్బు కోసం చూడక్కర్లేదు. మిట్ట వీధికి వేరే వాల్వు, వేరే టైము పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

శ్మశానం దారికి కూడా డబ్బు అడ్డం కాదు. ఉపాధి పనుల్లో దారి వెయ్యొచ్చు. అడ్డం పట్టా భూమి. తోటాయన పది అడుగుల వెడల్పు గట్టు ఇవ్వాలి. ఇస్తానని రచ్చకట్ట మీద మాట ఇస్తే చెల్లదు, రేపు ఆయన కొడుకు కాదంటాడు. పంచాయతీ పేర గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆ తోటాయనకు కుంట కావాలి కదా. కాలనీకి దారి కావాలి. కాగితం రిజిస్టర్ అయిన రోజే కుంటకు కొబ్బరికాయ కొట్టండి. అంతకు ముందు ఒక్క తట్ట మన్ను కూడా ఎత్తొద్దు.

నీటిలెక్క

సర్పంచ్ గారి మాటకు నాకు అభ్యంతరం ఉంది. రేపు ఇదే పద్ధతి అయితే ప్రతి చెక్‌డ్యాముకూ ఎవరో ఒకరు షరతు పెడతారు. తోటాయన ఒప్పుకోకపోతే కుంట ఆగిపోతుంది. నష్టం ఆయనకే కాదు, ఆ దిగువన ఉన్న చిన్నరైతుల బావులకు కూడా. నీళ్లను బేరానికి పెట్టడం నాకు నచ్చదు.

కంబదూరు కోడలు

బేరం ఇప్పుడు మొదలైందా సార్? వంకలో నీళ్లు కాలనీ దారిని ముంచి తోటల్లోకి పోవాలని ప్లాన్ వేసినప్పుడే బేరం అయిపోయింది. కాకపోతే అందులో ఒక పక్షాన్ని పిలవలేదు.

పోరుమామిళ్ల వాసి

కడప జిల్లా నుంచి. మా ఊరి చెరువు దగ్గర 1369 నాటి రాతి శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఈ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది పనివాళ్లు, రెండేళ్లు పట్టిందని అందులో ఉంది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరుసగా చెక్కించారు. దోషాల్లో కట్ట కారడం, చవిటినేల, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం లాంటివి ఏ ఇంజనీరైనా చెబుతాడు. ఒకటి మాత్రం నన్ను ఎప్పుడూ ఆపుతుంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం దోషమట.

నేలా రాయీ ఎంత అనుకూలంగా ఉన్నా, నీళ్ల మీద ఇద్దరి పెత్తనం పడేచోట కట్టడం నిలవదని ఆరున్నర శతాబ్దాల కిందటే రాసిపెట్టారు. పల్లెబాట గారి కుంట స్థలం కొలతల ప్రకారం మంచిదే కావచ్చు. కానీ ఒకవైపు కాలనీ దారి, ఒకవైపు తోట కంచె. ఆ సరిహద్దు తగాదా తీర్చకుండా కడితే కట్టకు ఎవరు కాపలా ఉంటారు? రేపు గండి పడితే ఎవరు మన్ను వేస్తారు? మా చెరువు ఇన్నాళ్లు నిలిచిందంటే తూములు, కట్ట, మరువ (అలుగు) చూసుకునే మనుషులు ఎప్పుడూ ఉన్నారు కాబట్టి.

నీటిలెక్క గారు నీళ్లను బేరానికి పెట్టొద్దన్నారు. పెద్దవారు, గౌరవంతోనే చెబుతున్నాను. దారి అడగడం షరతు కాదు, మునిగిపోయేదానికి బదులు అడగడం. తోట మునిగితే నష్టపరిహారం లెక్క వేస్తాం కదా, దారి మునిగితే ఎందుకు వెయ్యం?

పల్లెబాట

అందరికీ ధన్యవాదాలు. ముఖ్యంగా ఎగువకాలనీ తమ్ముడికి. ఆ దారి రెవెన్యూ మ్యాపులో లేదు, వంక పోరంబోకు అని మాత్రమే ఉంది. సర్వే చేసింది వేసవిలో, ఎండిన వంకలో కాలిబాట ఎవరిదో అడగాలని టీమ్‌కు తోచలేదు.

ఊట కుంట కావాలన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. నీళ్లు ఆపకపోతే ఆ ఊళ్లో పదేళ్లకు తోటలూ ఉండవు, తోటల్లో కూలీ ఉండదు. కాకపోతే పనుల వరుస మారుస్తున్నాను. కొండ మూయడం ఈ ఏడాది ప్లాన్‌లోంచి తీసేస్తున్నాను. మూడు ముక్కల పద్ధతి మీద గొర్రెల పెద్దలతో విడిగా కూర్చుంటాను. ఫారం పాండ్లు షీటుకు డబ్బు దొరికినచోట, అడిగినవాళ్లకే. పాత మార్గదర్శకాల్లో ఊరి నమ్మకం సంపాదించే మొదటి పనికి బడ్జెట్‌లో 4 శాతం ఉండేది, మా ప్రాజెక్టులోనూ అలాంటి పద్దు కొంత ఉంది. పెద్దవీధి వాళ్లు దాన్ని షెడ్డుకు అడుగుతున్నారు. అది శ్మశానం దారికి పెట్టాలని ప్రతిపాదిస్తాను. తిట్లు పడతాయని తెలుసు.

గడువు సంగతి పైవాళ్లకు ఉత్తరం రాస్తాను. డబ్బు వెనక్కి పోతే పోతుంది. దారి మునిగేలా కట్టను.

నీటిలెక్క గారూ, కట్టను ఎగువకు జరిపితే దారి తేలుతుందా? నిల్వ ఎంత తగ్గుతుంది?

నీటిలెక్క

లెవెల్స్ చూడకుండా చెప్పలేను. కాంటూర్ షీటు, వంక అడ్డుకోతలు పంపండి. ఎగువన వంక ఇరుకైతే నిల్వ బాగా తగ్గుతుంది. అప్పుడు ఒక పెద్ద కుంట బదులు రెండు మూడు చిన్నవి చూడాలి. ఖర్చు పెరుగుతుంది, పూడిక తీయడం సులువవుతుంది. వరదకు దారి తెగకుండా కాజ్‌వే (వంకకు అడ్డంగా వేసే గట్టి దారి) కూడా అదే ఎస్టిమేట్‌లో పెట్టొచ్చు. నేను డబ్బు తీసుకోకుండా వచ్చి చూస్తాను.

శెనక్కాయ రైతు

కాజ్‌వే వేస్తే ఎడ్లబండి, ట్రాక్టరు కూడా పోతాయి. అవతల గట్టున చేలున్నవాళ్లు ఊళ్లో ఉంటే వాళ్లను కూడా కలుపుకోండి, దారి అడిగేవాళ్ల బలం పెరుగుతుంది.

ఎగువకాలనీ

వస్తే ఆదివారం రండి, మా వాళ్లు పనికి పోకుండా ఉంటారు. తోట వేయకముందు గట్టు దారి ఎక్కడిదాకా ఉండేదో మా పెద్దవాళ్లకు రాయి రాయీ తెలుసు, నడిచి చూపిస్తారు. పెద్దవీధిలో దిగొద్దు సార్, నేరుగా కాలనీకి రండి.